మన ఎండకు, మన కరెంటుకు తగిన గ్రాఫిక్స్ కార్డు ఏది?

ఏప్రిల్ మొదట్లో మా అక్క కొడుకు నెల్లూరు నుంచి ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. "మామా, గేములకి కార్డు కొందామని నాలుగు చూసి పెట్టుకున్నా. యాడ చూసినా ఒక్కోడు ఒక్కోటి చెప్తన్నాడు. నువ్వు చెప్పు, ఏది తీసుకోమంటావ్?" అన్నాడు. వెంటనే వాట్సాప్‌లో లిస్టు కూడా వచ్చింది. ఎన్విడియా ఆర్టీఎక్స్ 3050, ఆర్టీఎక్స్ 5060, ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఇంటెల్ ఆర్క్ బీ580. ఒక్కోదాని పక్కన ఎక్కడో చూసి రాసుకున్న సగటు ఎఫ్‌పీఎస్, అంటే గేములో సెకనుకు వచ్చే ఫ్రేములు (బొమ్మలు). అంతే. మానిటర్ ఏదో లేదు, మదర్‌బోర్డు ఏదో లేదు, పీసీకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లో లేదు, గదిలో ఏసీ ఉందో లేదో లేదు. నేను తిరిగి అడిగింది ఆ నాలుగే.

కార్డు కొనేటప్పుడు చాలామంది కార్డును కార్డుతో పోలుస్తారు. ముందు పోల్చుకోవాల్సింది మన టేబుల్ మీదున్న మానిటర్‌తో, క్యాబినెట్‌లో బిగించి ఉన్న బోర్డుతో, మే నెలలో మన గది ఉండే తీరుతో. చార్టులో పైన కనిపించే కార్డు మన ఇంటికొచ్చేసరికి వెనకబడొచ్చు. నేను ఒంగోల్లో ఉంటాను. స్నేహితులకూ చుట్టాల పిల్లలకూ పీసీలు బిగించి ఇవ్వడం చాలా ఏళ్ళుగా నాకు అలవాటు. ఇటు చీమకుర్తి నుంచి అటు నెల్లూరు దాకా రకరకాల ఇళ్ళలో క్యాబినెట్లు విప్పి చూసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మానిటర్ దగ్గర మొదలుపెట్టండి

1080పీ తెర మీద ఒక్కో ఫ్రేముకు కార్డు నింపాల్సిన చుక్కలు సుమారు 20.7 లక్షలు. 1440పీ అయితే 36.9 లక్షలు. 4కే అయితే 82.9 లక్షలు, అంటే 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు. అందుకే 1440పీలో చేసిన పరీక్ష చూసి 1080పీ మానిటర్‌కి కార్డు ఎంచుకుంటే లెక్క తప్పుతుంది. మీ మానిటర్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది. అది వెతికితే రిజల్యూషన్, హెర్ట్జ్ రెండూ తెలుస్తాయి. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది. కార్డు 140 తీసినా చేతికి స్పందన కొంచెం త్వరగా అందుతుందేమో గానీ మిగతా బొమ్మలు కంటికి చేరవు. ఇంట్లో 60 హెర్ట్జ్ మానిటర్ ఉండి, కార్డు మీద 35 వేలు పెట్టాలనుకుంటున్నారా? అందులో కొంత తీసి 144 లేదా 165 హెర్ట్జ్ మానిటర్ మీద పెట్టండి. తేడా మొదటి రోజే కనిపిస్తుంది.

ఆడే గేమును కూడా చూసుకోవాలి. నన్ను అడిగే పిల్లల్లో ఎక్కువమంది ఆడేవి వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5. మొదటి రెండూ కార్డు కంటే ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి. వాలొరెంట్ కోసమే అయితే పెద్ద కార్డు అక్కర్లేదు. సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్ వుకాంగ్ లాంటివి ఆడాలంటే అప్పుడు కార్డు మీద పెట్టిన ప్రతి రూపాయీ తెర మీద కనిపిస్తుంది. ఇప్పుడున్న పీసీలో ఏది అడ్డం పడుతోందో తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది. గేములో గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ 'లో' (Low) స్థాయికి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డం కార్డే. పెద్దగా పెరక్కపోతే అడ్డం ప్రాసెసర్, అక్కడ కొత్త కార్డు వేసినా లాభం కొంచెమే.

సగటు కాదు, కింది అంకె చూడండి

మా వాడు పంపిన లిస్టులో ఉన్నవన్నీ సగటులే. సగటు బాగా మోసం చేస్తుంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. 144 అంటే 6.9 మిల్లీసెకన్లు. ఒక నిమిషం ఆటలో అన్ని ఫ్రేములూ 11 మిల్లీసెకన్లలో వచ్చి, మధ్యమధ్యలో నాలుగైదు ఫ్రేములు 80 మిల్లీసెకన్లు తీసుకున్నాయనుకోండి. సగటులో ఆ నాలుగైదూ కొట్టుకుపోతాయి. ఆడేవాడికి మాత్రం గుర్తుండేవి ఆ నాలుగైదే. మలుపు తిరిగేటప్పుడు, ఎదుటివాడు కాల్చేటప్పుడు, కొత్త వీధిలోకి కారు పోయేటప్పుడు బొమ్మ పట్టేసినట్టు ఆగుతుంది. పిల్లలు ల్యాగ్ అనేది చాలాసార్లు దీన్నే. నెట్ బాగాలేదని రూటర్ మార్చినవాళ్ళను కూడా చూశాను.

దీన్ని కొలిచే అంకెను 'వన్ పర్సెంట్ లో' (1% Low) అంటారు. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేములు ఏ వేగంతో వచ్చాయో అది చెబుతుంది. రెండు కార్డుల్లో ఒకటి సగటు 95, వన్ పర్సెంట్ లో 48 అనుకుందాం. రెండోది సగటు 86, వన్ పర్సెంట్ లో 67 అనుకుందాం. నేనైతే రెండోది కొంటాను, ఇంకో మాట లేదు. మంచి పరీక్షల్లో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఇస్తారు. సగటు మాత్రమే చూపించే వీడియోను నమ్మి డబ్బు పెట్టకండి.

మీ పీసీలో మీరే చూసుకోవచ్చు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితం, ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. అందులో ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ ఆన్ చేస్తే తెర మూలన సన్నటి గీత పోతూ ఉంటుంది. గీత తిన్నగా, దారం లాగినట్టు పోతుంటే ఆట హాయిగా ఉన్నట్టు. ఉన్నట్టుండి ముల్లులా పైకి లేస్తే అదే మీకు చిరాకు తెప్పించే కుదుపు. ఎప్పుడు లేస్తోందో గమనించండి. కొత్త ప్రదేశంలోకి పోయిన ప్రతిసారీ లేస్తూ, పక్కన కార్డు మెమరీ పూర్తిగా నిండినట్టు చూపిస్తే మెమరీ చాలడం లేదన్నమాట.

ఇప్పుడు ఆ నాలుగు కార్డులు

ధరలు రాయడం లేదు. రాసిన వారానికే మారతాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో అందరం చూశాం. ఎంచే పద్ధతి చెబుతాను, ఆ రోజు ధర మీరు వేసుకోండి.

ఆర్టీఎక్స్ 3050లో ముందు ఒక తిరకాసు ఉంది. ఆ పేరుతో రెండు కార్డులున్నాయి. 2022 జనవరిలో వచ్చింది 8 జీబీ, 130 వాట్లు. 2024 ఫిబ్రవరిలో వచ్చింది 6 జీబీ, 70 వాట్లు. రెండోది మెమరీలోనే కాదు, లోపలి కోర్లలోనూ తక్కువ. 2560 ఉండాల్సినచోట 2304 ఉంటాయి. మెమరీ దారి కూడా 128 బిట్ల నుంచి 96కి తగ్గింది. వేగంలోనూ 8 జీబీ దానికంటే తక్కువే. మరి దాన్ని ఎందుకు కొనాలి? ఒక్క కారణానికి. చాలా మోడళ్ళకు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, బోర్డు స్లాటు నుంచి వచ్చే కరెంటుతోనే నడుస్తుంది. ఆఫీసుల నుంచి తీసేసిన పాత బ్రాండెడ్ పీసీలు మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటిలో 240 వాట్ల చిన్న ఎస్ఎంపీఎస్ ఉంటుంది, కార్డుకు ఇచ్చే కేబుల్ ఉండదు. అలాంటి పీసీకి ఇదే సరైన కార్డు. క్యాబినెట్ సన్నటిదైతే పొట్టి మోడల్ అడగాలి. అసెంబుల్డ్ పీసీ ఉన్నవాళ్ళు మాత్రం దీన్ని వదిలేయండి. పవర్ కేబుల్ ఇవ్వగలిగిన పీసీకి పాత ఆర్ఎక్స్ 6600 దీనికంటే చాలా ముందుంటుంది.

ఆర్టీఎక్స్ 5060 2025 మేలో వచ్చింది. 8 జీబీ, 145 వాట్లు, విడుదల ధర 299 డాలర్లు. దీనికి ముందు ఆ స్థానంలో ఉన్న 4060 2023 జూన్‌లో అదే 299 డాలర్లకు వచ్చింది, అది 115 వాట్లే. కొత్తది వేగంలో సుమారు ఐదో వంతు ఎక్కువ. డీఎల్ఎస్ఎస్ దీని పెద్ద బలం. గేమును తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే పద్ధతి అది. 1080పీలో క్వాలిటీ మోడ్ పెడితే లోపల గీసేది 720పీ మాత్రమే. 2025లో వచ్చిన దాని కొత్త వెర్షన్‌తో బొమ్మ బాగా తేరుకుంది. అది పాత 20 సిరీస్ నుంచీ అన్ని ఆర్టీఎక్స్ కార్డులకూ అందింది. ఇంకోటి ఫ్రేమ్ జనరేషన్. ఉన్న రెండు ఫ్రేముల మధ్య కార్డే కొత్త ఫ్రేములు సృష్టించి చేరుస్తుంది. ప్రకటనల్లో మూడింతలు, నాలుగింతలు అని కనిపించే అంకెలు దీనివే. అసలు ఎఫ్‌పీఎస్ 30 ఉంటే తెర మీద 100 చూపించినా చేతికి మాత్రం 30 లాగే, ఇంకా కొంచెం బరువుగానే ఉంటుంది. అసలే 60, 70 వస్తున్నప్పుడు అది బాగుంటుంది. రాని కార్డును అది నిలబెట్టలేదు. కాబట్టి ఫ్రేమ్ జనరేషన్ కలిపిన అంకెలను కలపని అంకెల పక్కన పెట్టి పోల్చకండి.

దీని బలహీనత 8 జీబీ. 1080పీలో హై సెట్టింగ్స్‌తో ఆడితే చాలా గేములకు సరిపోతుంది. టెక్స్చర్లు (వస్తువుల మీద పరిచే పైపూత బొమ్మలు) అల్ట్రాలో పెట్టి, రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా గీసే పద్ధతి) వేసి, పైన ఫ్రేమ్ జనరేషన్ కూడా పెడితే మెమరీ నిండుతుంది, ఎందుకంటే ఆ చివరి రెండూ కూడా మెమరీ తింటాయి. నిండినప్పుడు మిగిలిన సరుకు పీసీ ర్యామ్‌లోకి పోతుంది. అక్కడి నుంచి కార్డునూ బోర్డునూ కలిపే పీసీఐఈ దారిలో అటూ ఇటూ మోయాలి. 5060కి ఆ దారిలో 8 లేన్లే ఉన్నాయి. మీ బోర్డు పాత పీసీఐఈ 3.0 అయితే ఆ 8 లేన్లు కూడా పావు వేగంతోనే నడుస్తాయి. అప్పుడే గీత ముల్లులా లేచేది. కొత్త బోర్డున్న వాళ్ళకు ఈ బాధ తక్కువ. పాత బోర్డున్న వాళ్ళు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 2025 జూన్‌లో వచ్చింది. ఇక్కడా రెండు రకాలు, 8 జీబీ 299 డాలర్లు, 16 జీబీ 349 డాలర్లు. నేను చెప్పేది 16 జీబీ గురించే. డబ్బా మీద 16 అని కళ్ళతో చూసి తీసుకోండి, బిల్లులోనూ రాయించుకోండి. 160 వాట్లు, ఒకటే 8 పిన్ కేబుల్ సరిపోతుంది, 16 లేన్లు పూర్తిగా ఉన్నాయి. రే ట్రేసింగ్ లేని మామూలు ఆటలో 5060 కంటే ముందుంటుంది. రే ట్రేసింగ్ బాగా బరువైన గేముల్లో, ముఖ్యంగా అందులోనే ఇంకా బరువైన పాత్ ట్రేసింగ్ పెట్టినప్పుడు ఎన్విడియాదే పైచేయి. డీఎల్ఎస్ఎస్ లాగా బొమ్మను పెద్దది చేసే విషయంలో ఏఎండీ చాలాకాలం వెనకబడి ఉండేది. ఈ వరుసతో వచ్చిన ఎఫ్ఎస్ఆర్ 4 ఆ తేడాను బాగా తగ్గించింది, అయితే దాన్ని ఇచ్చే గేముల సంఖ్య డీఎల్ఎస్ఎస్ కంటే తక్కువ. మీరు ఆడే గేములో ఉందో లేదో చూసుకోండి. ఒకసారి కొంటే నాలుగైదేళ్ళు నడవాలి, మధ్యలో మళ్ళీ డబ్బు పెట్టలేం అనేవాళ్ళకు నా ఓటు దీనికే. టెక్స్చర్ల నాణ్యత పెంచితే ఎఫ్‌పీఎస్ పెద్దగా తగ్గదు, కావాల్సిందల్లా మెమరీయే. అంటే మెమరీ ఎక్కువున్న కార్డు పాతబడ్డాక కూడా బొమ్మ బాగుంటుంది.

ఆర్క్ బీ580 గురించి క్లుప్తంగా చెబుతాను. 2024 డిసెంబరులో 249 డాలర్లకు వచ్చింది, 12 జీబీ, 190 వాట్లు. కొత్త ప్రాసెసర్‌తో, 1440పీ మానిటర్‌తో ఆ డబ్బుకు మంచి కార్డు. ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం బోర్డు బయోస్ సెట్టింగ్స్‌లో లేకపోతే మాత్రం కొనకూడదు. అది ఉన్నా పాత, మధ్యరకం ప్రాసెసర్లతో వేగం బాగా పడిపోతోందని 2025 జనవరిలో పరీక్షల్లో బయటపడింది. పాత పీసీకి చవక కార్డు అని దీన్ని తీసుకుంటే చివరికి ఖరీదైన కార్డే అవుతుంది.

రూపాయి లెక్క ఇలా వేయండి. కార్డు ధరను మీ గేములో మీ రిజల్యూషన్‌లో వచ్చే ఎఫ్‌పీఎస్‌తో భాగించండి. ఉదాహరణకు 24 వేల కార్డు 80 ఫ్రేములు ఇస్తే ఫ్రేముకు 300. 36 వేల కార్డు 100 ఇస్తే ఫ్రేముకు 360. మొదటిదే చవక. కానీ మొదటి కార్డుకు కొత్త ఎస్ఎంపీఎస్ కావాల్సి వచ్చి ఇంకో 5 వేలు పడితే ఫ్రేముకు 360 దాటుతుంది. కార్డుతో పాటు మార్చాల్సి వచ్చే ప్రతి వస్తువునూ కార్డు ధరలోనే కలపండి.

ఎండ, దుమ్ము, కరెంటు

పరీక్షలు చేసేవాళ్ళ గదుల్లో సాధారణంగా 21 నుంచి 25 డిగ్రీలు ఉంటుంది. రోహిణి కార్తెలో నెల్లూరు డాబా ఇంట్లో, మేడ మీద గదిలో, మధ్యాహ్నం 38 ఉండటం మనకు వింత కాదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. అక్కడ 68 చూపించిన కార్డు ఇక్కడ 80 దాటుతుంది. ఒక స్థాయి దాటాక కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంతకంటే ముందే ఫ్యాన్లు గోల పెడతాయి. కార్డు లాగిన కరెంటంతా చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. 190 వాట్ల కార్డంటే తలుపులేసిన గదిలో పాతకాలం రెండు 100 వాట్ల బల్బులు గంటల తరబడి వెలిగించి పెట్టుకున్నట్టు. దానికి ప్రాసెసర్, మానిటర్ వేడి అదనం.

వాట్లు చూడమన్నది కరెంటు బిల్లు కోసం కాదు. 145 వాట్ల కార్డుకూ 190 వాట్ల కార్డుకూ తేడా 45 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు 5.4 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలనుకున్నా 32 రూపాయలు. దానికోసం కార్డు మార్చుకోనక్కర్లేదు. గదిలో కూర్చోగలమా లేదా అన్నదే అసలు సంగతి. ఏసీ లేని గదికి నేను 160 వాట్లు దాటిన కార్డు చెప్పను. ఉన్న కార్డుతో బాధపడుతున్నవాళ్ళు ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించి చూడండి. ఫ్రేములు తగ్గేది కొంచెమే, వేడి, చప్పుడు బాగా తగ్గుతాయి. ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ హెర్ట్జ్ దగ్గర కట్టేయడం కూడా మంచి పద్ధతి.

ఇక దుమ్ము. చీమకుర్తిలో నా స్నేహితుడి తమ్ముడు పోయిన వేసవిలో పిలిచాడు. కొత్త కార్డు, ఏడాది కూడా కాలేదు, ఆటలో 84 డిగ్రీలు దాటి ఫ్యాన్లు విమానంలా మోగుతున్నాయి. క్యాబినెట్ పక్క తలుపు తీశాను. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కోసే యూనిట్లు వాళ్ళింటికి ఎంతో దూరం లేవు. లోపల బూడిదరంగు పొడి ముగ్గుపిండిలా పరుచుకుని ఉంది. కార్డు బయటకు తీసి వెలుతురులో పెడితే హీట్‌సింక్ రేకుల మధ్య నుంచి అవతలి వైపు కనపడలేదు. ఇంటి దుమ్ములో నూలు, వెంట్రుకలు ఉంటాయి, అది ఊదితే లేస్తుంది. ఈ రాతిపొడి అలా లేవదు. వానాకాలం తేమ తగిలి రేకులకు అంటుకుని గట్టిపడింది. సన్నటి పెయింటు బ్రష్‌తో ఒక్కో సందూ గీకి, తర్వాత బ్లోయర్ పెట్టాను. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలి వేగానికి అది తన హద్దు దాటి తిరిగి పాడవుతుంది. గంట పట్టింది. అదే గేము, అదే గది, 71 దగ్గర నిలబడింది. అటువైపు ఉండేవాళ్ళు క్యాబినెట్ ముందు తీసి కడుక్కోగల ఫిల్టరున్నది కొనండి, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం పక్కన ఉండేవాళ్ళ కష్టం వేరు. ఉప్పుగాలికి కార్డు వెనక రేకు, వాడని పోర్టులు తుప్పు పడతాయి. పోర్టులకు డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ మూతలు పారేయకండి.

కరెంటు విషయంలో నేను మొహమాటం లేకుండా చెప్పేది ఒకటే, ఎస్ఎంపీఎస్‌లో పీనాసితనం వద్దు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన పేరులేని 450 వాట్ల పెట్టె నిజంగా 450 ఇవ్వదు. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊళ్ళలో మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయితే లైట్లు ఎలా మసకబారతాయో అక్కడివాళ్ళకు తెలుసు. మంచి కంపెనీ 550 వాట్ల, 80 ప్లస్ బ్రాంజ్ రేటింగున్న ఎస్ఎంపీఎస్ ఈ నాలుగు కార్డుల్లో మూడింటికి హాయిగా సరిపోతుంది. బీ580కి 600, 650 పెట్టుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ మీద పీసీ నడిపేవాళ్ళు రెండు చూసుకోవాలి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ అయి ఉండాలి. వెనక ఉండే స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. కరెంటు ఆగాక మంచి ఎస్ఎంపీఎస్ దాదాపు 16 మిల్లీసెకన్లు ఊపిరి బిగపట్టుకోగలదు. ఇన్వర్టర్ ఆలోపు అందుకోకపోతే పీసీ ఆగిపోతుంది.

సెకండ్‌హ్యాండ్

సెకండ్‌హ్యాండ్ తప్పు కాదు. 2022 సెప్టెంబరులో, కార్డులతో ఇథీరియం అనే డిజిటల్ నాణేలు సంపాదించే మైనింగ్ ఆగిపోయాక బోలెడు కార్డులు బజారుకొచ్చాయి, వాటిలో బాగున్నవీ ఉన్నాయి. ఆ చలికాలంలో నేనూ రైలెక్కి చెన్నై పోయి ఒక చిన్న దుకాణంలో ఆర్ఎక్స్ 580 తీసుకున్నాను. అక్కడ పెట్టి చూపించారు, బొమ్మ వచ్చింది, గేము కాసేపు ఆడింది. ఒంగోలు వచ్చి, కార్డు లోపలి వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచి చూస్తే షేడర్ల (కార్డు లోపలి కోర్ల) దగ్గర 2048 అని ఉంది. అసలు 580కి ఉండాల్సింది 2304. 2048 ఉండేది 570కి. పేరు 580, లోపల 570, అలా ఆ పేరు పక్కన 2048ఎస్‌పీ అని చేర్చి తయారైన కార్డులున్నాయని నాకు అప్పటికి తెలియదు. ఫోన్ చేస్తే "రెండూ ఒకటే సార్" అన్నారు. బిల్లు తీసుకోలేదు కాబట్టి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ రోజు పడిన బాధ ఇంకా గుర్తుంది.

అందుకని డబ్బు ఇవ్వకముందే జీపీయూ-జెడ్ తెరిపించండి. పేరు, షేడర్ల సంఖ్య, మెమరీ పరిమాణం, మెమరీ రకం నాలుగూ కంపెనీ చెప్పిన అంకెలతో సరిచూడండి. కనీసం 15 నిమిషాలు బరువైన గేము ఆడించి వేడి, గీతలు, చుక్కలు గమనించండి. స్క్రూ మీద స్టిక్కర్ చిరిగిందేమో చూడండి. కొత్త కార్డు కొనేటప్పుడు బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశ పెడతారు. మన దేశంలో చాలా కార్డులకు మూడేళ్ళ వారంటీ ఉంటుంది. బిల్లు, దాని మీద సీరియల్ నంబరు లేకపోతే ఆ మూడేళ్ళూ పోయినట్టే. వారంటీకి కార్డు ఏ ఊరికి పంపాలో, పంపే ఖర్చు ఎవరిదో కొనకముందే అడగండి.

ల్యాప్‌టాప్ కొనేవాళ్ళకు ఒక మాట. ల్యాప్‌టాప్‌లో కార్డు పేరు చూసి మోసపోకండి. ఆర్టీఎక్స్ 4060 అని రాసి ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకదానికి కార్డు వాట్లు 115 ఉండొచ్చు, ఇంకోదానికి అందులో సగం కూడా ఉండకపోవచ్చు. పేరు ఒకటే, వేగం వేరు. స్పెసిఫికేషన్లలో టీజీపీ (కార్డుకు ఇచ్చే వాట్లు) అని వెతకండి, రాయకపోతే అడగండి.

మా వాడి సంగతికి వస్తే, నాలుగు ప్రశ్నలకూ జవాబులు పంపాడు. 1080పీ, 100 హెర్ట్జ్ మానిటర్. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 బోర్డు. క్యాబినెట్‌తో వచ్చిన ఎస్ఎంపీఎస్. మేడ మీద గది, ఏసీ లేదు. ఆ బోర్డు పీసీఐఈ 3.0 కాబట్టి 8 లేన్ల 5060 వెనక్కి పోయింది. ఆ ప్రాసెసర్‌తో బీ580 కుదరదు, పైగా 190 వాట్లు. కేబుల్ ఇవ్వగలిగిన పీసీకి 3050 దండగ. మిగిలింది 9060 ఎక్స్‌టీ 16 జీబీ. "ముందు ఎస్ఎంపీఎస్ మార్చు, నెలాగి కార్డు కొను" అన్నాను. వాడికి నచ్చలేదు. "నెల ఆగాలా మామా?" అన్నాడు. ఆగాడు. మేలో వాళ్ళింటికి పోయినప్పుడు పవర్ లిమిట్ కొంచెం దించి, ఎఫ్‌పీఎస్ 98 దగ్గర కట్టేసి ఇచ్చాను. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను కింద కూర్చుని ఆడుతుంటే తెర మూలన గీత తిన్నగా పోతోంది, కార్డు 74 చూపిస్తోంది. వారంలోపు దుకాణంవాళ్ళు మార్చిస్తామన్నారు కాబట్టి మొదటి నాలుగు రోజులూ రోజుకు మూడు గంటలు బరువైన గేములే ఆడమన్నాను. లోపముంటే అప్పుడే బయటపడాలి.